మాడిఫై చేసిన టర్బో కారు అమ్మితే పెట్టిన ఖర్చు తిరిగొస్తుందా?

రాదండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) మార్చి, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ట్యూన్ చేయించిన ఖర్చు ధరలో కలపొచ్చా అని అడిగారు. నా మాజ్దా ఆర్‌ఎక్స్-7 (ఎఫ్‌డీ మోడల్) స్పోర్ట్స్ కారు అమ్మేటప్పుడు నేనూ అదే లెక్క వేసుకున్నాను. కొనేవాళ్లు మన పార్ట్‌లకు డబ్బివ్వరు, ఇంజిన్ బాగుందన్న నమ్మకానికి ఇస్తారు.

నా కారుకి కంపెనీ ఇచ్చినవి రెండు టర్బోలు. ఒకటి మొదటినుంచీ పనిచేస్తుంది, రెండోది 4,500 ఆర్‌పీఎం దగ్గర కలుస్తుంది. వాటిని తీసేసి ఒక పెద్ద టర్బో పెట్టించాను. పాతవి పైపులతో సహా పెట్టెలో దాచాను.

మొదట వచ్చినవాళ్లంతా "ఒక్కసారి గట్టిగా తొక్కండి" అన్నవాళ్లే. పక్కన కూర్చుని వీడియో తీసుకుని వెళ్లిపోతారు. ఇలాంటివాళ్లకు పెట్రోలు తగలెయ్యకండి.

చివరికి ఒకాయన వచ్చారు. అరగంట నెమ్మదిగా నడిపి, ఇంజిన్ ఆపి, పది నిమిషాలు కబుర్లు చెప్పి, "ఇప్పుడు స్టార్ట్ చేయండి" అన్నారు. దీనిది రోటరీ ఇంజిన్, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు రెండు తిరుగుతాయి. ఆ మూలల దగ్గర ఒత్తిడి లీకవకుండా ఆపే ఎపెక్స్ సీళ్లు అరిగితే వేడి మీద ఉన్నప్పుడే స్టార్టింగ్ కష్టమవుతుంది. నాకు ఒకటే టెన్షన్. తాళం తిప్పగానే అందుకుంది. అప్పుడు బ్యాగులోంచి రోటరీ కంప్రెషన్ టెస్టర్ (ఇంజిన్ లోపలి ఒత్తిడి కొలిచేది) తీశారు. మామూలు గేజ్ ఒక్కో రోటర్‌కున్న మూడు ముఖాల్నీ విడివిడిగా చూపించదు. ఆరు రీడింగులూ 250 ఆర్‌పీఎం వేగానికి లెక్కగట్టి, కాగితం మీద రాసుకుని, "పాత టర్బోలు ఉన్నాయా?" అన్నారు. పెట్టె తెచ్చి తెరిచాను. అంతవరకూ ధర తగ్గించమని పట్టుబట్టిన మనిషి ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

ట్యూన్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. నేను డబ్బిచ్చి చేయించుకున్న మ్యాప్‌కి (ట్యూన్ సెట్టింగులకి) షాపువాళ్లు లాక్ పెట్టారు, ఫైల్ అడిగితే ఇవ్వలేదు. అది చాలా అన్యాయం. కొత్త యజమాని మళ్లీ మొదటినుంచీ ట్యూన్ చేయించుకోవాల్సిందే కాబట్టి ధరలో కొంత కోత పడింది, ఆయన్ని తప్పుపట్టలేను.

మీది పిస్టన్ ఇంజినైతే కంప్రెషన్‌తో పాటు లీక్‌డౌన్ టెస్టూ (సిలిండర్‌లోంచి గాలి ఎంత లీకవుతుందో చూసేది) చేయించి, ఆ కాగితం ఫోటో ప్రకటనలోనే పెట్టండి. తీసేసిన ఒరిజినల్ పార్ట్‌లు విడిగా అమ్మేయకండి. ట్యూన్ ఫైల్ ఇవ్వమని ఈరోజే అడగండి.