చిన్ని ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?

ప్రశ్న: నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని. వయసు 66. రాజమండ్రిలో సొంతిల్లు. పెన్షన్ 41,000 వస్తుంది. 2023 జూలైలో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేశాను. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 34,000. మా ఇద్దరి ఆరోగ్య బీమాకు ఏడాదికి 62,000 కడతాను. మా అబ్బాయి రెండేళ్ల కిందట డాలస్ వెళ్తూ తన టాయ్ పూడుల్ కుక్కను మా దగ్గర వదిలి వెళ్లాడు. పేరు చిన్ని. నాలుగేళ్లు, 4.6 కిలోలు. దానికి నెలకు 6,500 దాకా అవుతోంది. ఈమధ్య వెనక కాలు ఎత్తి గెంతుతుంటే డాక్టరుకు చూపించాం. మోకాలి చిప్ప జారుతోందట. ఆపరేషన్ అవసరమైతే 50 వేల పైమాటే అన్నారు. స్కీమ్‌లోంచి 2 లక్షలు తీసి చిన్ని కోసం విడిగా పెడదామనుకుంటున్నాను. కుక్కలకూ ఇన్సూరెన్స్ ఉందంటున్నారు, తీసుకోమంటారా? అబ్బాయిని డబ్బు అడగడం మా ఆవిడకు ఇష్టం లేదు.

జవాబు: మాస్టారూ, ముందు స్కీమ్ సంగతి తేల్చేద్దాం. అందులోంచి 2 లక్షలు మాత్రమే తీయడం కుదరదు. గడువుకు ముందే డబ్బు కావాలంటే ఖాతా మొత్తం మూసేయాల్సిందే. మీది రెండేళ్లు దాటింది కాబట్టి అసలులో 1 శాతం, అంటే 15,000 కోసుకుంటారు. పైగా మీరు చేరినప్పటి 8.2 శాతం వడ్డీ ఐదేళ్లూ మారదు. మూడు నెలలకోసారి వచ్చే ఆ 30,750 మీకు రెండో పెన్షన్ లాంటిది. దాని జోలికి వెళ్లకండి.

ఇక నెలవారీ లెక్క. పెన్షన్, వడ్డీ కలిపి 51,250. ఇంటి ఖర్చు, చిన్ని ఖర్చు, నెలకు పడే బీమా వాటా తీసేస్తే ఐదున్నర వేలు మిగులుతాయి. అంటే రోజులు వెళ్లిపోతాయి, ఇబ్బంది లేదు. కానీ టాయ్ పూడుల్ చాలాసార్లు పధ్నాలుగేళ్లు దాటి బతికే జాతి. మీ చిన్నికి ఇంకా పదేళ్ల ఖర్చు ఉందనుకోవాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఈ 6,500 పదేళ్లకు పదకొండున్నర వేలు దాటుతుంది. మీ పెన్షన్‌కు ధరలను బట్టి పెంచే డీఆర్ కలుస్తుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది, వడ్డీ మాత్రం అక్కడే ఉంటుంది. అప్పటికి మీకు 76, మీ మందుల ఖర్చూ పెరిగి ఉంటుంది.

ఈ 6,500 ఎక్కడికి పోతోందో చూడండి. తిండికి కాదు. ఇంత చిన్న కుక్కకు నెలకు రెండు కిలోల మంచి డాగ్ ఫుడ్ సరిపోతుంది. అసలు ఖర్చు బొచ్చుది. పూడుల్ జుట్టు మనుషుల జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. పెద్దగా రాలదు, అందుకే కత్తిరించక తప్పదు. నాలుగైదు వారాలకోసారి గ్రూమింగ్ సెలూన్‌కు తీసుకెళ్లడం ఈ జాతికి మామూలే. మీరు గానీ, మీ ఆవిడ గానీ రోజూ పది నిమిషాలు కూర్చుని చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య స్టీలు దువ్వెనతో మొదళ్ల దాకా దువ్వితే సెలూన్‌కు ఎనిమిది వారాలకోసారి వెళ్లినా నడుస్తుంది. పైపైన బ్రష్ తిప్పి వదిలేస్తే లోపల అట్టలు కడుతుంది. అట్టలు కట్టిన కుక్కకు సెలూన్‌లో అదనంగా వసూలు చేస్తారు, చివరికి గుండు కొట్టేస్తారు. ఎండాకాలం కదా అని మీరే ముందుగా గుండు కొట్టించకండి, రాజమండ్రి ఎండకు చర్మం మాడుతుంది. ఏప్రిల్, మే నెలల కరెంటు బిల్లులో చిన్ని వాటా ఎలాగూ ఉంటుంది, దాన్నీ ఈ పద్దులోనే రాయండి.

మోకాలి విషయంలో కంగారు వద్దు. చిప్ప జారడం టాయ్ జాతుల్లో బాగా కనిపించేదే. దాన్ని ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లుగా చెబుతారు. మీ డాక్టరు గ్రేడ్ ఎంతన్నారో మీరు రాయలేదు. ఒకటి, రెండు అయితే చాలావాటికి బరువు తగ్గించడం, సోఫా మీద నుంచి దూకనివ్వకపోవడం, నొప్పికి మందులతోనే గడిచిపోతుంది. మూడు, నాలుగు అయితే ఆపరేషన్ మాట వస్తుంది. టాయ్ పూడుల్ మామూలుగా మూడు కిలోలకు అటూఇటూ ఉంటుంది. 4.6 అంటే పెరుగన్నం, బిస్కెట్లు గట్టిగానే నడుస్తున్నాయన్నమాట. మీ ఆవిడతో ఈ మాట మీరే చెప్పండి, నా పేరు వాడుకోండి. బరువు తగ్గించడానికి పైసా ఖర్చు లేదు, మీ లెక్కలో ఇంతకన్నా చవకైన వైద్యం ఇంకొకటి లేదు. ఆ చేత్తోనే రోజూ పళ్లు తోమడం కూడా మొదలుపెట్టండి, కుక్కల పేస్టుతోనే సుమా. ఈ జాతికి గార త్వరగా పడుతుంది. క్లీనింగ్‌కు మత్తు ఇవ్వాలి, వేలల్లో బిల్లవుతుంది.

ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకున్నా ఈ మోకాలికి పనికిరాదు. పాలసీకి ముందే బయటపడిన జబ్బును మినహాయిస్తారు. టీకాలు, గ్రూమింగ్ లాంటి మామూలు ఖర్చులు కూడా సాధారణంగా అందులోకి రావు. వయసు పరిమితి, వెయిటింగ్ పీరియడ్ ఉంటాయి. ఆ ప్రీమియం చూపించి ఆరోగ్య బీమాకిచ్చే పన్ను మినహాయింపు అడగడానికీ లేదు, అది మనుషులకే. రెండేళ్ల కిందట, కాలు బాగున్నప్పుడు అడిగి ఉంటే తీసుకోమనేవాణ్ణి. ఇప్పుడైతే ఆ డబ్బుతో ఆర్‌డీ కట్టుకోవడమే మేలు. నెలకు 3,500 చొప్పున 6.5 శాతానికి మూడేళ్లు కడితే 1,38,000 పైన చేతికొస్తుంది. ఏ జబ్బుకైనా వాడుకోవచ్చు, క్లెయిమ్ ఫారాల గొడవ ఉండదు.

మీరు లెక్కలో వేసుకోని పెద్ద ఖర్చు ఇంకొకటుంది. ఎప్పుడో ఒకప్పుడు మీరిద్దరూ డాలస్ వెళ్తారు, వెళ్తే ఆరు నెలలు ఉంటారు. అప్పుడు చిన్ని ఎక్కడ? బోర్డింగ్‌లో రోజుకు 600 అనుకున్నా 180 రోజులకు 1,08,000. మోకాలి ఆపరేషన్ కంటే ఎక్కువ. ఆ అంకె మీ విమాన టికెట్ల పక్కనే రాయాలి, టికెట్లు కొనేవాళ్లే దాన్నీ కట్టాలి. లేదంటే ఇంటికి వచ్చి ఉండే బంధువులెవరైనా ఉన్నారేమో ఇప్పుడే ఆరా తీయండి.

దీంతో అబ్బాయి దగ్గరికి వచ్చాం. మీ ఆవిడ బాధ అర్థమవుతోంది. పంపించమని అడిగితే కొడుకు ముందు చెయ్యి చాపినట్టు ఉంటుందని. కానీ కుక్క అతనిది. తెచ్చుకున్నదీ అతనే. మీరు చేస్తున్నది పోషణ. ఖర్చు కూడా మీదే కావాలన్న నియమం ఎక్కడా లేదు. నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో పిల్లలు ఇవ్వనని అనరు, ఎంతవుతోందో వాళ్లకు తెలియకపోవడమే జరుగుతుంది. అందుకని 'డబ్బు పంపించరా' అని కాకుండా, మూడు నెలల బిల్లులు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపండి. నెలకు 10,000 చొప్పున, అందులో 6,500 ఖర్చుకు, 3,500 ఆర్‌డీకి అని కింద రాయండి. విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టిస్తే నెలనెలా అడిగే పని ఉండదు. డాలర్లలో నూటపాతిక లోపే. అక్కడ పూడుల్‌కు ఒక్కసారి కటింగ్ చేయించినా ఇందులో చాలావరకు అయిపోతుంది. కొడుకు తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు మీ చేతిలో ఆదాయంగా పన్నుకు రాదు. దీనికి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. మీ పెన్షన్ ఖాతాలో కలిపేస్తే ఆర్నెల్లకు ఏది ఎవరిదో మీకే తెలియదు.

అదే ఫోన్‌లో ఇంకో మాట అడగాలి: చిన్నిని ఎప్పటికైనా అక్కడికి తీసుకెళ్లే ఉద్దేశం ఉందా? ఉంటే తేలిక వ్యవహారం కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. ఇక్కడ టీకా వేసిన కుక్కకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), నిర్ణీత ఫారం, గుర్తింపు పొందిన ల్యాబ్ నుంచి రక్త పరీక్ష ఫలితం, అక్కడ దిగగానే పరీక్షకు ముందస్తు బుకింగ్ ఉండాలి. రక్త పరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఆ ఖర్చు మనదే. చిప్ వేయించాక వేసిన రేబిస్ టీకానే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి వెళ్లే ఆలోచన లేశమైనా ఉంటే వచ్చే టీకాకు ముందే చిప్ వేయించండి. ఆ ఆలోచన లేదంటే, మీ తర్వాత చిన్నిని ఎవరు చూసుకుంటారో అబ్బాయే చెప్పాలి. మన చట్టంలో కుక్క పేరున ఆస్తి రాయడానికి లేదు, చూసుకునే మనిషి పేరు మీదే రాయాలి.

ఆపరేషన్ తప్పదని తేలితే ప్రస్తుతానికి ఎఫ్‌డీ మీద లోను తీసుకోండి. ఎఫ్‌డీకి మీకొచ్చే వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. క్రెడిట్ కార్డు మీద గీకి వాయిదాలు పెట్టుకోవద్దు, బాకీ మిగిలితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పడుతుంది. అంతకంటే ముందు డాక్టరును గ్రేడ్ ఎంతో కాగితం మీద రాయించి ఇవ్వమనండి. వీలైతే సర్జరీలు చేసే రెండో డాక్టరుకు కూడా చూపించండి. ఎస్టిమేట్‌లో మత్తు, ఎక్స్‌రే, తర్వాతి చెకప్‌లు కలిపారో లేదో అడిగి, ఆ కాగితం కూడా బిల్లులతో పాటు అబ్బాయికి పంపండి.