సముద్రానికి బొమ్మలను వెంట తీసుకువెళ్ళే ముందు

మైలాపూరు, చెన్నై

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో స్నేహితురాళ్ళతో కలిసి మహాబలిపురం వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేద్దామనుకుంటున్నామనీ, బొమ్మలను కూడా తీసుకువెళ్ళి ఫోటోలు తీయాలని ఉందనీ, ఏవి తీసుకువెళ్ళవచ్చో, ఏ జాగ్రత్తలు పాటించాలో చెప్పమనీ అడిగావు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరమే రాస్తున్నాను. తప్పకుండా తీసుకువెళ్ళు. బొమ్మలను అద్దాల బీరువాలోనే ఉంచి పూజించాలనే వాళ్ళతో నేనెప్పుడూ ఏకీభవించలేదు. అయితే సముద్రం దగ్గర బొమ్మకు జరిగే హాని అక్కడికక్కడ కంటికి కనబడదు. ఇంటికి వచ్చిన వారానికో నెలకో బయటపడుతుంది. కనుక ఏ బొమ్మను తీసుకువెళ్ళాలి, తిరిగి వచ్చిన రాత్రి దానికి ఏం చేయాలి అన్న రెండు ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకుని బయలుదేరాలి.

ముందుగా ఉప్పు సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం దాని వల్లనే అవసరమవుతున్నాయి. మీరు చూడబోయే తీరదేవాలయాన్ని ఎనిమిదో శతాబ్దంలో పల్లవరాజు రాజసింహుడు గ్రానైటు రాతితో కట్టించాడు. దాని గోడల మీది శిల్పాలను దగ్గరగా వెళ్ళి చూడు. ముక్కులూ వేళ్ళూ సింహాల జూలూ అరిగిపోయి, ఏ బొమ్మ ఎవరిదో పోల్చుకోవడమే కష్టంగా ఉంటుంది. గాలిలోని ఉప్పు రాతి సందుల్లోకి ఇంకి, లోపల పలుకులు కట్టి, రాతిని పొరలుగా ఊడదీస్తుంది. పురావస్తు శాఖవారు తడిపిన కాగితపు గుజ్జును రాతికి పట్టించి, అది ఆరుతూ ఉప్పును బయటికి లాగిన తరువాత దాన్ని తీసివేస్తారు. గాలి ఉధృతిని తగ్గించడానికి చుట్టుపక్కల సరుగుడు చెట్లు కూడా పెంచారు. రాతికే ఇంత సేవ కావలసి వస్తుంటే, నీ రెజిన్ బొమ్మ, అంటే గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసి, కీళ్ళను లోపల ఎలాస్టిక్‌తోనూ కొక్కేలతోనూ బిగించిన బొమ్మ, దాని రంగు పొడి అద్ది తీర్చిన ముఖం మాట చెప్పనక్కరలేదు. ఉప్పుకు తేమను పట్టి ఉంచే గుణం ఉంది కనుక, బొమ్మ మీద మిగిలిన ఆ సన్నని పొర బీరువాలోకి చేరిన తరువాత కూడా మద్రాసు గాలిలోని చెమ్మను లాక్కుంటూనే ఉంటుంది. ఆ చెమ్మకు లోపలి లోహపు కొక్కేలు తుప్పు పడతాయి, బట్టల రంగు ఒంటికి దిగుతుంది, జరీ నల్లబడుతుంది.

ఇక ఏవి వద్దో చెబుతాను. నీ దగ్గరున్న కొండపల్లి దశావతారాలను, తంజావూరు తలాడించే బొమ్మను, కొలువులో పెట్టే మట్టి బొమ్మలను ఇంట్లోంచి కదిలించవద్దు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసినది. విడివిడిగా చెక్కిన చేతులనూ ఆయుధాలనూ చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కు చెమ్మను పీల్చుకుని ఉబ్బి, మళ్ళీ ఎండితే అతుకుల దగ్గర రంగు పగులుతుంది. ఏటికొప్పాక బొమ్మలు తేమకు అంతగా బెదరవు కానీ, వాటి మీది పూత లక్క కనుక వేడికి తట్టుకోలేవు; ఎండలో నిలిపిన కారులో వాటిని ఉంచడం దండగ పని. మట్టి బొమ్మల మీది నీటి రంగులకు తడి చేయి తగిలితే చాలు, వేలిముద్ర మిగిలిపోతుంది.

మీ అమ్మ చిన్ననాటి బార్బీని కూడా ఇంట్లోనే ఉంచు. 1959లో బార్బీ వచ్చిన తొలి సంవత్సరాలలో ఆ బొమ్మలకు పెట్టిన లోహపు కమ్మల వల్ల చెవుల దగ్గర వినైల్ (మెత్తని ప్లాస్టిక్) ఆకుపచ్చగా మారిన సంగతి సేకరించేవారందరికీ తెలుసు. మరక వినైల్ లోపలికి ఇంకిపోతుంది కనుక దాన్ని తుడిచి పోగొట్టలేరు. ఉప్పు గాలిలో లోహం మరింత త్వరగా పాడవుతుంది. నీవు తీసుకువెళ్ళే ఏ బొమ్మకైనా సరే, కమ్మలూ గొలుసులూ లోహపు బొత్తాలూ ముందురోజే తీసి ఇంట్లో పెట్టు.

తీసుకువెళ్ళదగినవి నా లెక్క ప్రకారం రెండే. నీవు ఇటీవల కొన్న బార్బీ మొదటిది. దానికి ఏమైనా మరొకటి దొరుకుతుంది. రెండో స్థానానికి రెజిన్ బొమ్మ, పెద్ద తల, పెద్ద కళ్ళ బ్లైత్ బొమ్మ పోటీ పడతాయి. బ్లైత్ తల వెనుక దారం లాగితే కళ్ళు నాలుగు రంగులు మారతాయి కదా, ఆ యంత్రమంతా తలలోనే ఉంటుంది. రెప్పల పక్క సందులోంచి నాలుగు ఇసుక రేణువులు లోపలికి పోయినా తల విప్పి శుభ్రం చేయవలసి వస్తుంది. రెజిన్ బొమ్మకు కీళ్ళలో ఇసుక చేరుతుంది కానీ, విప్పి, కడిగి, ఎలాస్టిక్ మళ్ళీ ఎక్కించడం నీకు వచ్చు. అందుచేత నా ఓటు రెజిన్ బొమ్మకే. అయితే రెజిన్ ఎండకు పసుపెక్కుతుందనీ, ఒకసారి పసుపెక్కితే పైపొర గీకివేయడం తప్ప మార్గం లేదనీ గుర్తుంచుకో. కొంతసేపు ఎండ తగిలినంత మాత్రాన కొంప మునగదు. ఫోటో తీసేటప్పుడే బయటికి తీసి, మిగిలిన సమయమంతా గుడ్డలో చుట్టి నీడలో ఉంచితే సరిపోతుంది.

బట్టల విషయంలో నా మాట కచ్చితంగా విను. నేను కుట్టి ఇచ్చిన ఎర్ర పట్టు పరికిణీ వేయవద్దు. ఆ జరీ ఉప్పుగాలికి ఆగదు, ఆ ఎరుపు చెమ్మకు ఆగదు. ముదురు రంగు బట్ట ఏదైనా తడిపిన తెల్ల గుడ్డతో లోపలి వైపు గట్టిగా రుద్ది చూడు. గుడ్డకు రంగు అంటితే బొమ్మ నడుముకూ అంటుతుంది, రెజిన్‌కైనా వినైల్‌కైనా. లేత రంగు నూలు బట్ట, లోపల తెల్లని మల్లు గుడ్డతో చిన్న లంగా వేస్తే దిగులు ఉండదు. జుట్టు విరబోసిన బొమ్మ ఫోటోలో అందంగా ఉంటుందని నాకూ తెలుసు, కానీ సముద్రపు గాలికి మొహైర్ (మేక బొచ్చు) విగ్గు అరగంటలో ఉండకడుతుంది. జడ వేసి నూలు దారంతో ముడి వెయ్యి. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు. అది వేడికి కరిగి వెంట్రుకలకు అంటుకుంటుంది.

ఏ రోజు వెళ్ళాలన్నది కూడా ఆలోచించు. మన ముక్కనుమ నాడు ఇక్కడివారు కాణుం పొంగల్ జరుపుకుంటూ పిల్లాపాపలతో సముద్రపు ఒడ్డుకు తరలివస్తారు. ఆ రోజు మెరీనాలోనూ మహాబలిపురంలోనూ బొమ్మను నిలబెట్టడానికి జానెడు చోటు దొరకదు. పండుగ తరువాతి వారంలో, ఆదివారం కాని రోజున వెళ్ళండి. జనవరిలో సుమారు ఆరున్నరకు తెల్లవారుతుంది. తీరం వెంట వెళ్ళే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాదాపు 55 కిలోమీటర్లు కనుక అయిదు గంటలకల్లా బయలుదేరితే మంచి వెలుతురు అందుతుంది.

మన తీరం తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కనుక, సముద్రం వెనుక పడేలా బొమ్మను నిలబెడితే ముఖం నల్లగా వస్తుంది. పొద్దున బొమ్మను సముద్రం వైపు తిప్పి, వెనుక సరుగుడు చెట్లో ఇసుక దిబ్బలో పడేలా తీసుకో. సముద్రం వెనుక కావాలంటే సాయంత్రం నాలుగు తరువాత తియ్యి, అప్పుడు వెలుతురు నేల వైపు నుంచి వచ్చి బొమ్మ ముఖం మీద పడుతుంది. పొద్దున తీసేటప్పుడు నీ వీపు అలల వైపు ఉంటుంది కాబట్టి, స్నేహితురాళ్ళలో ఒకరు తప్పకుండా అలలనే చూస్తూ నిలబడాలి. బొమ్మను ఎప్పుడూ తడి ఇసుక గీతకు బాగా ఎగువన ఉంచు. ఆ గీత వరకు వచ్చిన అల మళ్ళీ ఎప్పుడైనా అంతకంటే పైకి రావచ్చు.

బొమ్మలను గట్టి డబ్బాలో, ఉతికిన మల్లు గుడ్డలో చుట్టి పెట్టు. పాత నూలు చీర చెంగు కంటే మంచి గుడ్డ నాకు ఇంతవరకు కనబడలేదు. రెజిన్ బొమ్మ ముఖానికి రెప్పలు నలగకుండా ముఖకవచం తొడిగి, ఆ తరువాత చుట్టు. కారులో ఏసీ వేసుకుని వెళతారు కదా. చల్లబడిన బొమ్మను తలుపు తెరవగానే బయటికి తీస్తే నీ కళ్ళద్దాల మీద పట్టినట్టే దాని మీదా ఆవిరి పడుతుంది, ఆ తడి మీద ఇసుకా ఉప్పూ అతుక్కుంటాయి. డబ్బా మూత తీయకుండా కాసేపు నీడలో ఉంచి, అది బయటి వేడికి వచ్చాక తెరువు. మీరు భోజనానికి దిగినప్పుడు డబ్బాను కారులో వదలకు. మూసిన కారులో వేడికి ఎలాస్టిక్ సాగుతుంది, కళ్ళను పట్టి ఉంచే మెత్తని పుట్టీ జారి చూపు వంకరపోతుంది.

ఇసుకలో స్టాండు నిలవదని చాలామంది బొమ్మను చేత్తో పట్టుకుని తంటాలు పడతారు. స్టాండు పీటను అలలకు ఎగువనే, నీళ్ళు చల్లి తడిపిన ఇసుకలో రెండు అంగుళాల లోతున పాతి, పైన అరచేత్తో అదిమి, దాని మీద పొడి ఇసుక చల్లితే పీట కనబడదు, గాలికి ఊగదు. నడుమును పట్టే తీగకు ముందే గుడ్డ చుట్టి ఉంచు. సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తో, బజ్జీలు తిన్న చేత్తో ముఖాన్ని తాకవద్దు. మెరుపు లేని పూత మీద నూనె మరక పడితే ఆ మేకప్ అంతా తీసి మళ్ళీ వేయవలసిందే. ఫోటోకు ఫోటోకు మధ్య చిన్న చెప్పులనూ టోపీనీ చాప మీద వదిలేయకు. చిన్న వస్తువులను కాకులు క్షణంలో ఎత్తుకుపోతాయి.

తీరదేవాలయం లోపల శిల్పాల మీద బొమ్మలను పెట్టడం, వాటికి ఆనించడం తగని పని. కెమెరా ముక్కాలిపీట (ట్రైపాడ్) వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, కనుక దాన్ని ఇంట్లోనే ఉంచు. ఒడ్డున లాగి పెట్టిన పడవ మీద కూర్చోబెట్టి తీయాలనిపిస్తే అక్కడి జాలరులను అడిగి, వారు సరేనన్న తరువాతనే పెట్టు. చిన్నపిల్లలు తప్పక చుట్టూ మూగుతారు. వాళ్ళను కసరవద్దు. బార్బీని వాళ్ళ చేతికి ఇచ్చి ఆడుకోనివ్వు. అందుకే దాన్ని తీసుకువెళ్ళమన్నాను.

కీలులో ఇసుక కరకరలాడితే ఆ చేతిని మళ్ళీ వంచకు. ఇసుక రెజిన్ కంటే గట్టిది, వంచిన ప్రతిసారీ లోపల గీతలు పెడుతుంది. ముఖం మీద ఇసుక పడినా గుడ్డతో తుడవకు. కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయరుతో ముందు ఊదు, ఆ తరువాత మెత్తని బ్రష్షుతో పై నుంచి కిందికి ఒకే వైపు దులుపు. ఒకవేళ బొమ్మ అలలో తడిస్తే విగ్గూ బట్టలూ వెంటనే తీసివేసి, తాగే నీళ్ళు సీసాతో ధారగా పోసి ఉప్పు పోయేలా కడుగు, ముఖాన్ని రుద్దకు. బార్బీ తడిస్తే తలను కిందికి వంచి లోపలి నీరంతా కారనివ్వు, లేకపోతే తల లోపల బూజు పడుతుంది.

ఇంటికి వచ్చిన రాత్రి ఎంత అలసిపోయినా ఈ ఒక్క పని చేసి పడుకో. బట్టలన్నీ విప్పి, బ్లోయరుతో ఇసుక ఊది, మల్లు గుడ్డను నీటిలో ముంచి గట్టిగా పిండి ఒళ్ళంతా తుడువు. మేకప్ ఉన్న ముఖాన్ని వదిలెయ్యి, చెవుల వెనుకా మెడ దగ్గరా మాత్రం తుడువు. ఆ నీళ్ళు క్యాన్ నీళ్ళు కావాలి. వేళచ్చేరిలో మీ అపార్టుమెంటు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది; ఆ నీళ్ళతో తుడిస్తే ఉప్పు తీసి ఉప్పు రాసినట్టే అవుతుంది. ఆ తరువాత రెజిన్ బొమ్మ ఎలాస్టిక్ విప్పి, కొక్కేలను విడిగా కడిగి తుడిచి, తల మూతలోని అయస్కాంతాల చుట్టూ పొడి దూదితో అద్దు. ముక్కలన్నింటినీ ఫ్యాను కింద తెల్ల గుడ్డ మీద తెల్లవారే వరకు ఆరనివ్వు. ఎండలో పెట్టవద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. పూర్తిగా ఆరకముందు జిప్ కవరులో పెడితే తేమను లోపల బంధించినట్టు అవుతుంది. మర్నాడు ఎలాస్టిక్ ఎక్కించి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు బీరువాలో పెట్టవచ్చు.

వారం తరువాత ఒకసారి కొక్కేల దగ్గరా, నడుము దగ్గరా, కీళ్ళ లోపలా టార్చి వేసి చూడు. గోధుమరంగు చుక్క కనబడితే ఆ కొక్కేన్ని మార్చెయ్యి, స్టెయిన్‌లెస్ స్టీలువి నా దగ్గర ఉన్నాయి. బయలుదేరే ముందురోజు వెలుతురులో రెజిన్ బొమ్మ ముఖాన్ని దగ్గరగా ఒక ఫోటో తీసి ఉంచుకో, వచ్చాక అదే చోట మరొకటి తీసి రెండూ నాకు పంపు. బుగ్గల దగ్గర రంగు పలచబడి ఉంటే, సరిచేయడానికి బొమ్మను ఎప్పుడు తీసుకురావాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ