యానిమేషన్ డిప్లొమానా, ఎంసీఏనా?

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ హన్మకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతోంది. గుండెలో రక్తం ఎట్లా తిరుగుతుందో చూపే యానిమేషన్ చేసి, దానికి ‘ముందుకు’, ‘వెనక్కి’ బటన్లు పెట్టుకుంటూ కూర్చుంటుంది. మొన్న ఒకసారి నొక్కితే రెండు దృశ్యాలు దాటిపోతున్నాయని అర్ధరాత్రి దాకా పడుకోలేదు. లక్షన్నర కడితే వంద శాతం ఉద్యోగం గ్యారంటీ అని ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. అందులో చేర్చాలా, ఎంసీఏకు పంపాలా? ఈ బొమ్మలతో బతుకు గడుస్తుందా అని టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: బొమ్మల పిచ్చిలో పడి బిడ్డ వెనకబడుతుందేమో అన్న భయం మీ ఉత్తరం నిండా కనబడుతోంది. వరంగల్ చుట్టుపక్కల ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగేదీ ఇదే. నిశ్చింతగా ఉండండి, మీ అమ్మాయి దారి తప్పలేదు.

ఆ రాత్రి తను ఏం చేసిందో మీకు తెలియాలి. యానిమేషన్ తనంతట తను పరుగెత్తకుండా ప్రతి దృశ్యం దగ్గరా ‘స్టాప్’ అని రాయాలి. బటన్ నొక్కితే ఏ ఫ్రేముకు (యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను ఫ్రేము అంటారు) పోవాలో ‘గోటు అండ్ స్టాప్’ అనే ఆదేశంతో చెప్పాలి. అడోబీ కంపెనీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ‘యానిమేట్’లో, బ్రౌజర్‌లో నడిచే హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్ రకంగా చేస్తే ఫ్రేముల లెక్క సున్నాతో మొదలవుతుంది, పదో ఫ్రేము కావాలంటే 9 అని రాయాలి. ఇంకో చిక్కు ఉంది. బటన్‌కు ఆదేశాన్ని మొదటి ఫ్రేములో తగిలిస్తే, చూసేవాళ్లు మళ్లీ మొదటికి వచ్చిన ప్రతిసారీ అదే ఆదేశం ఇంకోసారి తగులుకుంటుంది. ఆ ఆదేశం ‘ఇప్పుడున్న దాని తర్వాతి దృశ్యానికి పో’ అన్నదైతే, ఒక్క నొక్కుకు రెండు దృశ్యాలు దాటుతాయి. మీ అమ్మాయి వెతికింది బహుశా దీన్నే. ఇలాంటి తప్పును ఓపికగా పట్టుకోవడమే ప్రోగ్రామింగ్, కంపెనీలు జీతమిచ్చి చేయించుకునేదీ ఈ పనే. మీరేమో ‘బొమ్మలు’ అనేశారు. దయచేసి ఆ మాట బిడ్డ ముందు అనకండి. ఒక్కసారైనా పక్కన కూర్చుని ఆ బటన్లు నొక్కి చూశారా?

వంద శాతం ఉద్యోగం అనేవాళ్లను నేను నమ్మను. ఒకప్పుడు బ్రౌజర్‌లో యానిమేషన్లు ఆడించిన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో అడోబీ మద్దతు ఆపేసింది. ఫ్లాష్ కోర్సు పేరుతో మెనూలు బట్టీ పట్టినవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాకుండా పోయింది. బటన్ వెనక తర్కం తెలిసినవాళ్లు దాన్నే వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో రాసుకున్నారు. యానిమేట్‌లో ఆ స్టాప్, గోటు అండ్ స్టాప్ పేర్లు కూడా మారలేదు. ఇప్పుడు ఊరూరా వెలసిన వీఎఫ్‌ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) డిప్లొమాలు కూడా సాఫ్ట్‌వేర్ వాడకం చుట్టూనే తిరుగుతాయని నా అనుమానం. మీ అమ్మాయికి ఇష్టమైన స్క్రిప్టింగ్, అంటే ఇలా ఆదేశాలు రాయడం, అందులో ఎంత నేర్పుతారో అడగండి. నిరుడు చేరిన నలుగురి ఫోన్ నంబర్లు కూడా అడగండి. నసిగితే లేచి వచ్చేయండి.

ఎంసీఏలో చేరడానికి ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీ చివర్లో రాయించండి, ఈ పనికి ఎంసీఏ అడ్డు రాదు.

ఈలోగా ఆ గుండె పాఠాన్నే బాగుచేయమనండి. మొదటి దృశ్యంలో ‘వెనక్కి’, చివరి దృశ్యంలో ‘ముందుకు’ పనిచేయకూడదు. ఎన్నో దృశ్యంలో ఉన్నామో కనబడాలి. మౌస్ లేకున్నా కీబోర్డుతో నడవాలి. తర్వాత మీ ఊరి హైస్కూల్లో బయాలజీ టీచర్‌ను అడిగి పదో తరగతి పిల్లల చేత వాడించి, వాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారో రాసుకొని సరిచేయాలి. రేపు ఈ-లెర్నింగ్ కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్తే చూపించడానికి అది ఉంటుంది.

లక్షన్నర బ్యాంకులోనే ఉండనివ్వండి. ఇంట్లో ల్యాప్‌టాప్ పాతదైతే అందులోంచి కొంత తీసి మంచిది కొనివ్వండి.