ఇల్లు ఉచితమే, ఉద్యోగం ఉన్నంతవరకే

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక నాట్య, సంగీత ట్రస్టులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం 38,000. ఆవరణలోనే పోర్షన్ ఇచ్చారు, అద్దె లేదు. పాప కూచిపూడి క్లాసుకు ఫీజు లేదు. నెలకు 28,000 ఖర్చు, బ్యాంకులో 40,000 ఉన్నాయి. పాప రంగప్రవేశానికి (వేదికపై తొలి పూర్తిస్థాయి నాట్య ప్రదర్శనకు) 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ.

పాప ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం సాధన చేస్తుంటే ఆ చప్పుడు మీ వంటింట్లోకి వినిపిస్తుందని రాశారు. రిహార్సల్ రోజు భోజనం, రవీంద్రభారతిలో పాసులు, పెద్ద విద్వాంసుల పాఠం పక్కనే కూర్చుని వినడం. చేరేటప్పుడు ఎవరూ చెప్పని లాభాలివి, కాదనను. కానీ వాటిని సొంత ఆస్తిలా లెక్కేసుకుని అప్పుకు సిద్ధపడే ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఉద్యోగం పోయిన రోజే ఇల్లూ పోతుంది. అప్పుడు అద్దె 12,000, డాన్స్ ఫీజు 2,000 అనుకున్నా మీ ఖర్చు 28,000 కాదు, 42,000. అత్యవసర నిధి ఆ లెక్కనే ఉండాలి: ఆరు నెలలకు 2,52,000. మీ దగ్గరున్నది నెల ఖర్చుకే చాలదు! పైగా మీ జీతం సీఎస్ఆర్ నిధుల మీద, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు మీద నడుస్తోందన్నారు. చట్ట ప్రకారం పెద్ద కంపెనీలు ఇందుకు ఖర్చు చేయాల్సింది గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం. లాభం తగ్గితే మీ ట్రస్టుకొచ్చేదీ తగ్గుతుంది.

ఇక లోన్. 16 శాతం వడ్డీకి మూడేళ్లయితే ఈఎంఐ దాదాపు 10,550. మీకు మిగిలేది 10,000. మొదటి నెల నుంచే లోటు, దాన్ని పూడ్చడానికి లోన్ యాప్. ఆ దారిలో వెళ్లినవాళ్ల అవస్థ చూశాను, దయచేసి అటు చూడకండి.

మిగిలే 10,000ను జీతం పడిన రోజే ఆర్‌డీకి (బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌కు) మళ్లించండి. చేతిలో ఉన్న 40,000, వడ్డీ కలుపుకుని 21 నెలల్లో అత్యవసర నిధి పూర్తవుతుంది. మ్యూచువల్ ఫండ్ల సంగతి ఆ తర్వాత. ట్రస్టు ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే ఆగిపోతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంత పాలసీ తీసుకోండి. ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు.

రంగప్రవేశం రెండేళ్లు ఆగినా పాప సాధన ఎక్కడికీ పోదు. ఆగలేకపోతే, ఆడిటోరియం లేకుండా ట్రస్టు హాల్లోనే చేయడానికి వీలవుతుందేమో గురువుగారిని అడగండి.