అమెరికా చదువుకు బయల్దేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మేనమామ ఆశీస్సులు.

ఆగస్టులో నీ ఎమ్మెస్ తరగతులు మొదలవుతాయని అక్కయ్య చెప్పింది. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్లు, అక్కడి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పందొమ్మిదేళ్లు పాఠాలు చెప్పినవాడిని కనుక, పచ్చళ్లూ ప్రెషర్ కుక్కర్ల జాబితా మిగతావాళ్లకు వదిలేసి, నిబంధనల గురించే రాస్తున్నాను.

మన దగ్గర నిబంధన కాగితం మీద కఠినంగా ఉంటుంది, మనిషి దగ్గరకు వచ్చేసరికి మెత్తబడుతుంది. జేఎన్‌టీయూలో హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే వైద్య ధ్రువపత్రం పెట్టి, రుసుము కట్టి కండొనేషన్ (హాజరు లోటుకు మినహాయింపు) తీసుకోవచ్చు. జ్వరం రానివాళ్లూ ఆ పత్రం తెచ్చేవారు, నేనూ చూసీచూడనట్లు సంతకం పెట్టేవాడిని. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను, ఎందుకంటే ఒక్క ఏడాది పోతే ఆ ఇంటి మీద పడే అప్పు ఎంతో నాకు తెలుసు.

అక్కడ ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలుస్తారు, కాఫీ తాగుతూ పాఠం వింటారు. అది చూసి అంతా సడలింపే అనుకోవద్దు. మనకు సిలబస్ అంటే పాఠ్యాంశాల పట్టిక, అక్కడ మొదటి వారం ఇచ్చే సిలబస్‌లో గడువులు, ఆలస్యానికి కోసే మార్కులు, గ్రేడు లెక్క అన్నీ రాసి ఉంటాయి, వాటికి ప్రొఫెసర్ కూడా కట్టుబడాలి. ఒంట్లో బాగాలేక గడువు పెంచమని ముందురోజు మెయిల్ రాసినవాళ్లకు చాలాసార్లు పెంచాను. గడువు దాటిన మర్నాడు నా గదికొచ్చి బతిమాలినవాళ్లకు, మనసు కరిగినా, పెంచలేకపోయాను.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది రాతపనిలో. సీనియర్ రికార్డు చూసి ల్యాబ్ రికార్డు రాసుకోవడం మనకు తప్పుగా తోచదు, అడిగిన స్నేహితుడికి ఇవ్వకపోవడమే తప్పుగా తోస్తుంది. నా తరగతిలో ఇద్దరు తెలుగు పిల్లలు ఒకే ప్రోగ్రామును, అందులోని అక్షరదోషంతో సహా, సమర్పించారు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ సున్నాయే వచ్చింది. ఇచ్చినవాడు, "అడిగితే కాదనడం ఎలా సార్?" అన్నప్పుడు నా దగ్గర మంచి జవాబు లేదు. పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్లు రాస్తే ఇక్కడ మార్కులు పడతాయి, అక్కడ ఎక్కడిదో చెప్పకపోతే దాన్ని దొంగతనంగానే చూస్తారు. అలాగని వాళ్లేమీ సత్యహరిశ్చంద్రులు కారు: విద్యార్థులే 1921లో రాసుకున్న నిజాయితీ నియమావళిని నమ్మి పరీక్ష గదిలో ఇన్విజిలేటరును పెట్టకుండా వచ్చిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనే, పర్యవేక్షణ కావాలని 2023లో అధ్యాపకులు పట్టుబట్టారు.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా షరతుల్లో అయితే ఆ కాస్త మెత్తదనం కూడా లేదు. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఇల్లు మారితే 10 రోజుల్లో తెలియజేయాలి. ఏదైనా కోర్సు కష్టమై వదులుకోవాలనిపిస్తే, వదిలేశాక కాదు, ముందే డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి) అనుమతి తీసుకో.

మరొక్క మాట. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, నీ రాతపూర్వక సమ్మతి లేనిదే నీ మార్కులు మీ నాన్నకు చెప్పడం అక్కడ మామూలుగా కుదరదు. ఈ సంగతి ఆయనకు నువ్వే ముందుగా చెప్పి వెళ్లు. సెమిస్టర్ మధ్యలో ఆయన నాకు ఫోన్ చేసి, "నీకు తెలిసినవాళ్లేగా, ఆ ప్రొఫెసరుతో ఒకసారి మాట్లాడు బావా" అంటే, నేను చేయగలిగిందేమీ ఉండదు.

నీ మేనమామ