టెక్ సందేహాలు: ఓపెన్ ఫిల్టర్ పెట్టినాక పికప్ యాడికి పోయింది?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెడుతున్నా. బండి ఎయిర్ ఫిల్టర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిలో దుమ్ము ఆపేది) మీదే నాలుగు ప్రశ్నలు వచ్చినాయి. కర్నూలు ఎండలో కూర్చుని నాలుగూ చదివితే అందరి మనసులో ఒకటే, ఫిల్టర్ మారిస్తే బండి ఎగిరిపోతుందని.

అన్నా, నాది 150 సీసీ కార్బురేటర్ బండి. ఫిల్టర్ బాక్స్ మొత్తం తీపిచ్చి ఓపెన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా నేరుగా కార్బురేటర్‌కు తగిలించేది) పెట్టించినా. సౌండ్ అదిరిపోయింది కానీ సిగ్నల్ దగ్గర లేచేటప్పుడు గుంజడం లేదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పట్ పట్ అంటోంది. జెట్ మార్చాలా? (డిగ్రీ స్టూడెంట్, అనంతపురం)

జెట్ అంటే గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, దాని సంగతి తర్వాత తమ్ముడూ, ముందు నువ్వు తీసి పారేసింది ఏందో చెప్తా. పెట్రోలు సరిగ్గా కాలాలంటే బరువులో దానికి 14.7 రెట్లు గాలి కావాల. లెక్కేస్తే లీటరు పెట్రోలుకి 9 వేల లీటర్ల గాలి. నీ 150 సీసీ ఇంజిన్ 6 వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇన్ని తిప్పులు) మీద ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ మొత్తం తిప్పి) ఉంటే రెండు తిప్పులకొకసారి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 450 లీటర్ల దాకా లాగుతుంది. అదీ ఒకటే ధారగా కాదు, గుక్కలు గుక్కలుగా. ప్రతి గుక్కకీ నిలకడగా గాలి అందాలనే ఆ డబ్బా పెట్టినారు, దాని సైజు, పైపు పొడుగు అన్నీ మనం రోజూ తోలే కింది, మధ్య ఆర్‌పీఎంలలో బండి గుంజేటట్టు లెక్కేసి చేసింటారు. అది పీకేస్తే పైన ఎక్కడో 8 వేల దగ్గర కాస్త దొరికితే దొరకొచ్చు, క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో మాత్రం పోతుంది, నీకు జరిగింది అదే.

నీది వాక్యూమ్‌తో స్లైడ్ (గాలి దారిని తెరిచే ముక్క) లేచే రకం కార్బురేటర్ అయితే ఇంకో తలనొప్పి ఉంది. కార్బురేటర్ మూతి అంచులో చిన్న గాలి రంధ్రాలు ఉంటాయి, ఓపెన్ ఫిల్టర్ రబ్బరు వాటిని మూసేసిందంటే స్లైడ్ సరిగ్గా లేవదు, ఇక నువ్వు ఏ జెట్ వేసినా ఉపయోగం లేదు. తీసి చూడు ఒకసారి. ఆ పట్ పట్ శబ్దం గాలి ఎక్కువై పెట్రోలు చాలక వస్తుంటుంది, సైలెన్సర్ గాస్కెట్ లీకైనా వస్తుంది కాబట్టి అదీ చూపించుకో. తర్వాత బైపాస్ మీద ఐదు నిమిషాలు గట్టిగా తోలి, పక్కకు ఆపి, చల్లారినాక ప్లగ్ ఇప్పి చూడు. బిస్కెట్ రంగులో ఉంటే బాగుంది, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజిన్ వేడెక్కుతుంది, నల్లగా మసి పట్టింటే పెట్రోలు ఎక్కువైంది. తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక్కో నంబరు పెంచుకుంటూ పోవాల, ఒకేసారి మూడు నంబర్లు ఎక్కించి మైలేజ్ పడిపోయిందని మళ్లీ నాకు రాయొద్దు. స్లోలో కూడా తేడా ఉంటే, అప్పుడు పెట్రోలు పోసే పైలట్ జెట్, దాన్ని సర్దే ఎయిర్ స్క్రూ కూడా చూడాల.

నన్నడిగితే ఆ డబ్బా మళ్లీ పెట్టించుకో. ఊరికే చెప్పడం లేదు, నేను కాలేజీ రోజుల్లో ఇదే పని చేసినా. బజార్లో దొరికిన చవక ఓపెన్ ఫిల్టర్ ఒకటి తగిలించుకుని ఎండాకాలమంతా బేతంచెర్ల రోడ్డు మీద తిరిగినా, ఆ బండల పాలిష్ ఫ్యాక్టరీల కాడ గాలి కూడా తెల్లగానే ఉంటుంది కదా. వానలు పడేలోగా సైలెన్సర్ నుంచి నీలం పొగ. మెకానిక్ అన్న ఏమీ మాట్లాడకుండా ఫిల్టర్ తీసి, కార్బురేటర్ మూతిలో వేలు పెట్టి తిప్పి చూపించినాడు, వేలికంతా రాగిపిండి మాదిరి మెత్తటి దుమ్ము. బోరు (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, రింగులు మొత్తం మార్చాల్సి వచ్చింది, ఇంట్లో ఎంత తిట్లు తిన్నానో మా అమ్మకే తెలుసు. రాతిపొడి ఆయిల్‌లో కలిసిందంటే రింగులకీ బోరుకీ మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

ఏ ఫిల్టరైనా సరే, దుమ్ము ఆపుతోందా లేదా అని కనుక్కోవడానికి ఒక చిన్న ఉపాయం చెప్తా, మిగతా వాళ్లకీ పనికొస్తుంది. ఫిల్టర్ దాటినాక ఉండే రబ్బరు పైపు లోపలి గోడకు పల్చగా గ్రీజు పుయ్యండి. వారం తోలినాక అదే గ్రీజు రెండు వేళ్ల మధ్య నలపండి. మెత్తగా ఉంటే సరే, ఇసుక మాదిరి తగిలిందంటే ఆ ఫిల్టర్ ఎంత ఖరీదుదైనా తీసేయండి.

సార్, ఫిల్టర్‌ను ప్రతి నెలా సర్ఫ్ నీళ్లలో కడిగి ఎండబెట్టి వేస్తున్నా. కరెక్టేనా? (పాలిష్ ఫ్యాక్టరీలో పని, బేతంచెర్ల)

కాగితం ఫిల్టర్ అయితే కానే కాదు. నీళ్లు తగిలితే దాని సందులు పాడవుతాయి, ఆయిల్ పట్టించిన కాగితమైతే కంప్రెసర్ గాలి కూడా కొట్టకూడదు, నిండినాక మార్చడమే. పొడి కాగితమైతే లోపలి నుంచి బయటికి, దూరం నుంచి మెల్లగా. ఇంకో మాట, కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే కొత్తదాని కంటే సన్న దుమ్మును బాగా ఆపుతుంది, కాబట్టి వారం వారం తీసి కొట్టొద్దు. కడిగేది ఫోమ్‌ను. పాత ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లలో ఉండే స్పాంజి అన్నమాట. కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, ఫోమ్ ఆయిల్ పట్టించి మళ్లీ గట్టిగా పిండి వేయాల, ఆ జిడ్డే దుమ్మును పట్టేది, ఆయిల్ లేని స్పాంజి ఉన్నా లేనట్టే. ఇక మీరుండే చోటికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు పనికిరావు, సగానికే మార్చేయండి. బోరుతో పోలిస్తే ఫిల్టర్ ఖర్చు ఒక ఖర్చా సార్.

నాది బీఎస్6 ఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోలు పోసే) బండి, రోజూ కడప నుంచి ఎర్రగుంట్ల. కే అండ్ ఎన్ లాంటి కాటన్ ఫిల్టర్ వేస్తే మైలేజ్, పవర్ పెరుగుతాయా? ఈసీయూ రీమ్యాప్ చేయించాలా? (లెక్చరర్, కడప)

మేడమ్, ఒరిజినల్ డబ్బాలోనే కూర్చునే కాటన్ ఫిల్టర్ అయితే రీమ్యాప్, అంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) లో పెట్రోలు లెక్క మార్చడం, అక్కర్లేదు. ఒకే వేగంలో పోయేటప్పుడు సైలెన్సర్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూనే పెట్రోలు అటూ ఇటూ సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం చాలా బండ్లు ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తాయి, అందుకే డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెడితేనే అసలు గొడవ.

మైలేజ్ మాత్రం పెరగదు. మీరు 50, 60లో పోతున్నప్పుడు థ్రాటిల్ సగం కూడా తెరుచుకోదు, గాలిని అడ్డుకునేది అప్పుడు ఆ థ్రాటిలే కానీ ఫిల్టర్ కాదు, వాకిలి ఓరగా పెట్టి కిటికీ జాలీ మార్చినట్టుంటుంది. పవర్ అంటారా, ఫుల్ థ్రాటిల్‌లో అవుననో కాదనో అనిపించేంత. పాత కాగితం ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయింటే తేడా బాగా తెలుస్తుంది, అయితే ఆ తేడా కొత్త కాగితం ఫిల్టర్ వేసినా వస్తుంది!

కాటన్‌కు మంచి గుణం లేదని కాదు, కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. దాని క్లీనర్‌తోనే కడగాల, నీళ్లు లోపలి నుంచి బయటికి సన్నగా పోయాల, నీడలో ఆరబెట్టాల, ఆయిల్ సమంగా పట్టించాల. ఇవన్నీ ఓపిగ్గా చేసేవాళ్లకే అది. సిమెంటు ఫ్యాక్టరీల రోడ్డు మీద రోజూ పోయి వచ్చే మీకు నేనైతే కంపెనీ కాగితమే చెప్తా. వారంటీ ఉన్నంతకాలం సర్వీస్ సెంటర్‌తో వాదన కూడా తప్పుతుంది.

బ్రో, వీడియో చూసి ఫిల్టర్ బాక్స్‌కు డ్రిల్లుతో ఆరు రంధ్రాలు పెట్టేసినా. ఏమన్నా అవుతుందా? (ఇంటర్, కర్నూలు)

పెట్టేసి అడుగుతున్నావా! రంధ్రాలు ఫిల్టర్‌కు ముందుండే గదిలోనా, దాటినాక ఉండే గదిలోనా, అది చూడు. ముందు వైపైతే సౌండ్ పెరుగుతుంది, ఫిల్టర్ తొందరగా నిండుతుంది, అంతవరకే. దాటినాక ఉండే గదిలో అయితే ఈరోజే బండి పక్కన పెట్టేయ్, ఫిల్టర్ ఉండి కూడా దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. ఎంసీల్‌తో మూస్తా అంటావేమో, లోపలి ముద్ద ఊడి కార్బురేటర్‌లో పడిందంటే ఇంకా కష్టం. సెకండ్‌హ్యాండ్ డబ్బా వెతుక్కో. అది దొరికేవరకు బండి కడిగేటప్పుడు పైపు ఆ పక్కకు తిప్పొద్దు.