భాగ్యం అచ్చం మా పెద్దమ్మే

“ఈ మధ్య చూసిన సినిమాల్లో గోదావరి జిల్లాల వాళ్ళను ఉన్నదున్నట్టు చూపించినది ఏది?” అని అడిగారు. పండగలకూ, చుట్టాలు వచ్చినప్పుడూ మాత్రమే థియేటరుకు వెళ్ళే మామూలు ప్రేక్షకుడినే అయినా, అంబాజీపేటలో పుట్టి పెరిగినవాడిగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు నిండుగా ఉందని అనుకుంటున్నాను. నా జవాబు 2025లో వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’. రాజమండ్రిలో జరిగే కథ అని కాదు, అందులో హీరో భార్య భాగ్యం కోసం.

ఆ ఏడాది కనుమ నాడు మా పెదనాన్నగారిని అమలాపురంలో మాట్నీకి తీసుకువెళ్ళాను. కనుమ నాడు కాకైనా కదలదని, గారెలు చల్లారిపోతాయని పెద్దమ్మ గుమ్మం దాకా వచ్చి సణిగింది కానీ, తాను మాత్రం రానంది. పెదనాన్నగారు జీవితమంతా కొబ్బరికాయల వ్యాపారంలో గడిపినవారు. కాయను చెవి దగ్గర ఊపి ధర కట్టినట్టే సినిమాను కూడా కట్టేస్తారు. భాగ్యం కొడుకు బుల్లిరాజు బూతులకు హాలంతా ఊగిపోతుంటే ఆయన కుళ్ళిన కాయ చేతికి వచ్చినట్టు ముఖం పెట్టి కూర్చున్నారు. తీరా మొగుణ్ణి పాత ప్రేయసితో ఒంటరిగా పంపలేక భాగ్యం తానూ వెంట బయలుదేరేసరికి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, పక్క సీటాయనకు కూడా వినపడేటట్టు, “ఇది మీ పెద్దమ్మేరా అబ్బాయ్, అచ్చం ఇదే!” అన్నారు.

ఆ పాత్రలో ఐశ్వర్య రాజేష్ చేసినది అదే. గౌరవం ఏ మాత్రం తగ్గకుండా మనిషిని నిలబెట్టి కడిగేయడం మా వైపు ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. మిగతా సినిమాలవాళ్ళు ఈ వెటకారాన్ని వదిలేసి, ప్రతి వాక్యానికీ ముందొక ‘ఆయ్’, వెనకొక ‘అండి’ తగిలించి, అదే గోదావరి యాస అంటారు. ‘ఆయ్’ అనేది పెద్దవారు ఏదైనా చెప్పినప్పుడు వినయంగా పలికే అవును. మంచినీళ్ళు అడగడానికీ, తలుపు తీయమనడానికీ దాన్ని ఎవరూ వాడరు.

ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఇంకొకటి ఉంది. కెమెరా వంతెన దాటి ఇటు వచ్చిందంటే చాలు, కొబ్బరిచెట్లు, పచ్చని చేలు, గట్టు మీద సైకిలు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరు వదిలినంత కాలమే ఆ పచ్చదనం ఉంటుందనీ, వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున ఎండి పగిలిన ఒండ్రు, పిల్లల క్రికెట్టు తప్ప ఏమీ మిగలవనీ చూపించిన సినిమా నాకు తారసపడలేదు. భీమవరం వైపు వెళితే వరిచేలు ఎన్నో రొయ్యల చెరువులైపోయాయి. రాత్రిపూట చెరువు నీటికి గాలి ఆడించే ఏరియేటర్ల చప్పుడు వింటూ నిద్రపోయే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి, సినిమాలో మాత్రం ఇంకా కప్పలే అరుస్తున్నాయి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాలకు నీడనిచ్చిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలినప్పుడు అందరూ బాధపడ్డారు, నేనూ పడ్డాను. కానీ అన్ని సినిమాలూ ఆ ఒక్క చెట్టు కిందే ఎందుకు తీయవలసి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ విషయంలో అదే నెలలో వచ్చిన ‘కమిటీ కుర్రోళ్లు’ కొంత నయం. పన్నెండేళ్ళకోసారి జరిగే జాతర, సర్పంచి ఎన్నికలు, కులం మాట వచ్చేసరికి చిన్ననాటి స్నేహితులు ముఖాలు తిప్పుకోవడం, ఇవన్నీ మా ఊరి అరుగుల మీద విన్నవే. పదకొండు మంది కొత్త కుర్రాళ్ళు కావడం వల్ల హీరో నడిచి వస్తుంటే దుమ్ము రేగే బాధ కూడా తప్పింది. చిన్నప్పటి భాగం ఎంత హాయిగా ఉందో, తరువాతి భాగం అంత సాగిందన్నది నా అభిప్రాయం.

‘సంక్రాంతికి వస్తున్నాం’ తరువాత టీవీలో వచ్చినప్పుడు పెదనాన్నగారు పట్టుబట్టి పెద్దమ్మను కూర్చోబెట్టారు. ఆవిడ చిక్కుడుకాయల నార తీస్తూ మొత్తం చూసింది, ఒక్కసారీ నవ్వలేదు. అయిపోయాక పళ్ళెం తీసుకుని లేచి, “ఆ పిల్ల చేసినదాంట్లో తప్పేముందండీ?” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.